కాలు కింద పెట్టనివ్వరు

మొన్నామధ్య ఒక ఆదివారం మా హాల్లో బల్బు పోయింది. పోతే కొత్తది వెయ్యాలి కదా, స్టూలు లాక్కుని ఎక్కా, ఒక చెయ్యి గోడకి ఆనించి రెండో చేత్తో పాత బల్బు తిప్పుతున్నా, అంతలో గోడలోంచి ఎవరో "నాన్నా! దిగు! ముందు దిగు నువ్వు!" అని గట్టిగా అరిచారు. గుండె ఆగినంత పనైంది. స్టూలు ఒక పక్కకి ఒరిగింది, ఎలాగో కిటికీ ఊచ దొరికింది కాబట్టి సరిపోయింది. ఆ గొంతు మావాడిది. వాడుండేది వేరే ఊళ్ళో. పోయినేడాది వచ్చినప్పుడు హాల్లో మూలకి ఒక కెమెరా బిగించి వెళ్ళాడు, దాంట్లోంచి చూడ్డమే కాదు మాట్లాడొచ్చు కూడా అని ఆరోజు దాకా నాకు తెలీదు. నేను పడకూడదని పెట్టిన కెమెరాయే నన్ను పడేసేది ఆరోజు.

కోపం వచ్చింది. డెబ్భై ఒకటి నాకు, ఇంట్లో బల్బు మార్చుకోవడానికి పర్మిషన్ కావాలా? సాయంత్రం దాకా వాడి ఫోన్ ఎత్తలేదు. మా ఆవిడ మాత్రం "వాడి భయం వాడిది, మీ పౌరుషం మీది, మధ్యలో చీకట్లో కూర్చున్నది నేను" అంది. నిజమే, బల్బు ఇంకా వెయ్యలేదు.

అయితే ఇది బల్బు గొడవ కాదని ఆ రాత్రి పడుకున్నాక అర్థమైంది. గత రెండేళ్ళలో నా చేతిలోంచి ఏమేం పోయాయో వరసగా లెక్కేసుకుంటూ పోయా (ముప్పై నాలుగేళ్ళు అకౌంట్స్ సెక్షన్లో చేసినవాడికి నిద్ర పట్టకపోతే ఇదే పని). కరెంటు బిల్లు ఇప్పుడు మావాడే ఆన్‌లైన్లో కట్టేస్తాడు. బ్యాంకు యాప్ మా అమ్మాయి తన ఫోన్లోకి మార్చుకుంది, మోసాలు ఎక్కువయ్యాయి నాన్నా నీకెందుకు రిస్కు అని. మందులు నెలకోసారి డబ్బా ఇంటికే వస్తుంది, ఏ పూట ఏది వేసుకోవాలో చిన్న చిన్న గడుల్లో సర్దేసి ఉంటుంది. బండి తాళాలు ఎక్కడున్నాయో నాకు తెలీదు. వీటిలో ఒక్కటి కూడా చెడ్డ ఉద్దేశంతో చేసింది కాదు, అదే ఇక్కడ కష్టం, చెడ్డ ఉద్దేశమైతే పోట్లాడొచ్చు.

ముసలివాళ్ళ గురించి పనిచేసే డాక్టర్లు, నర్సులు వాడే రెండు లిస్టులు ఉన్నాయి. మొదటిది 1963లో కాట్జ్ అనే ఆయన, ఆయన టీమ్ తయారు చేసింది, అందులో ఆరే పనులు: స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్ళి రావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తనంత తాను తినడం. రెండోది 1969లో లాటన్, బ్రోడీ అనే ఇద్దరు చేసింది, అందులో ఎనిమిది: ఫోన్ వాడటం, షాపింగ్, వంట, ఇంటి పని, బట్టలుతకడం, ప్రయాణం, మందులు తనే వేసుకోవడం, డబ్బు లెక్కలు చూసుకోవడం. మామూలుగా అయితే వయసు మీద పడేకొద్దీ ముందు రెండో లిస్టులో పనులు కష్టమవుతాయి, తర్వాతెప్పుడో మొదటి లిస్టు దాకా వస్తుంది. నా రెండో లిస్టు చూసుకుంటే ఎనిమిదిలో మూడు పోయాయి, ఆ మూడూ నా ఒళ్ళు తీసుకోలేదు. పిల్లలు తీసుకున్నారు. నేను చెయ్యలేక ఆగినవి కావు, చెయ్యనివ్వక ఆగినవి.

ఇంతవరకూ రాసి చదువుకుంటే నేనేదో పాపం పిల్లల చేతిలో పడ్డ ముసలాయన్ని అన్నట్టు ఉంది. కాదు. ఇదే పని నేనూ చేశా, మా అమ్మకి.

అమ్మకి అప్పుడు డెబ్భై ఏడు, మా దగ్గరే ఉండేది. వాకిట్లో ఆవిడ కుండీలు ఒక పదీ పన్నెండు ఉండేవి. పొద్దున్నే చిన్న మగ్గు ఒకటి పట్టుకుని కుళాయి దగ్గర్నించి కుండీ దాకా, కుండీ దగ్గర్నించి కుళాయి దాకా తిరుగుతూ ఉండేది. బకెట్టు వాడొచ్చు కదా అంటే వినేది కాదు, ఒక్కో కుండీకి ఒక్కో మగ్గు, అంతే. ఎండుటాకులు గిల్లి ఎడమ చేతి గుప్పిట్లో పెట్టుకునేది, అన్నీ అయ్యాక ఒకేసారి పారేసేది. మొత్తం ముప్పావు గంట కార్యక్రమం. ఒకరోజు కుళాయి దగ్గర నాచు మీద జారి మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలూ పైపుతో నీళ్ళు పట్టడానికి ఒక కుర్రాణ్ణి పెట్టా. కట్టు విప్పిన మర్నాడు ఆవిడ మళ్ళీ మగ్గు తీసుకుని బయల్దేరింది, నేను ఎదురెళ్ళి ఆ మగ్గు చేతిలోంచి తీసేసుకున్నా. "ఎందుకమ్మా నీకీ శ్రమ, కుర్రాడున్నాడుగా" అన్నా. ఏమీ అనలేదు, వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కొన్నాళ్ళు అక్కణ్ణించే "ఇవాళ నీళ్ళు పోశాడా?" అని అడిగేది. తర్వాత అడగడం మానేసింది. నేను దాన్ని అలవాటు పడింది అనుకున్నా.

పొద్దున ఐదుకి లేచే మనిషి ఎనిమిదింటికి లేవడం మొదలుపెట్టింది, లేచి చెయ్యాల్సిందేముంది గనక. ఏడాది తిరిగేసరికి వాకిట్లోకి వెళ్ళాలన్నా చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. నేనేమో వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి, "మా అమ్మని కాలు కింద పెట్టనివ్వం" అని. మన భాషలో బాగా చూసుకోవడానికి ఇంతకంటే పెద్ద మాట లేదు కదా. ఇప్పుడు ఆ మాట తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే నిజంగానే కాలు కింద పెట్టనివ్వకపోతే ఏమవుతుందో తర్వాత చదివా. 2007లో ఒక పరిశోధన వచ్చింది, ఆరోగ్యంగా ఉన్న పన్నెండు మంది పెద్దవాళ్ళు, సగటు వయసు అరవై ఏడు, వాళ్ళని పదిరోజులు మంచం మీదే ఉంచారు. పదే రోజులు. కాళ్ళలో కండ దాదాపు ఒక కిలో తగ్గింది. వయసులో ఉన్నవాళ్ళకి పోయిన కండ మళ్ళీ తొందరగా వస్తుంది, మాకు అంత తేలిగ్గా రాదు. అమ్మకి పదిరోజులు కాదు, నేను ఇచ్చింది మూడేళ్ళ రెస్టు.

కుండీల సంగతి ఇంకోటి చెప్పాలి. 1976లో అమెరికాలో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అని ఇద్దరు సైకాలజిస్టులు ఒక వృద్ధుల హోమ్‌లో చిన్న ప్రయోగం చేశారు. ఒక ఫ్లోర్ వాళ్ళకి, ఇక్కడ మీ సంగతులు మీరే చూసుకోవాలి, ఇదిగో మొక్కలు, కావాలంటే ఒకటి ఎంచుకోండి, నీళ్ళు మీరే పోసుకోవాలి అని చెప్పారు. ఇంకో ఫ్లోర్ వాళ్ళకి, మిమ్మల్ని బాగా చూసుకోవడం మా బాధ్యత, ఇదిగో మీ మొక్క, నీళ్ళు నర్సులు పోస్తారు అన్నారు. సినిమా ఏ రోజు చూడాలన్నది కూడా అంతే, వాళ్ళకి ఛాయిస్, వీళ్ళకి లేదు. మూడు వారాలకే మొదటి ఫ్లోర్ వాళ్ళు ఎక్కువ హుషారుగా, నలుగురిలో కలుస్తూ ఉన్నారని తేలింది. ఏడాదిన్నర తర్వాత మళ్ళీ చూస్తే మరణాలు కూడా వాళ్ళలో తక్కువన్నారు కానీ, ఆ లెక్క మీద నేనైతే పెద్దగా బరువు పెట్టను, మొత్తం కలిపి వంద మంది కూడా లేరు అందులో. మరణాల లెక్క వదిలేసినా, "నీళ్ళు నర్సులు పోస్తారు" అన్న వాక్యం చదివినప్పుడు మాత్రం పుస్తకం మూసేసి కాసేపు బయట కూర్చున్నా. మా ఇంట్లో జరిగింది అచ్చం అదే, నర్సు బదులు కుర్రాడు.

మంచి జీవితం అంటే ఏంటి ఈ వయసులో, అని అడిగితే చాలామంది బీపీ, షుగర్, నడక, నిద్ర అని చెప్తారు. అవి కావాలి, కాదనను. కానీ 2003లో బ్రిటన్‌లో కొంతమంది పరిశోధకులు కలిసి క్యాస్ప్-19 అని ఒక కొలత తయారు చేశారు, అది నాకు బాగా నచ్చింది. వాళ్ళ వాదన ఏంటంటే, ఆరోగ్యం, డబ్బు ఇవన్నీ జీవితం బాగుండటానికి కారణాలు, అంతేగానీ బాగుండటం అంటే అవి కాదు. అందుకని వాళ్ళు కొలిచేది నాలుగు: నా జీవితం మీద నాకు పట్టు ఉందా, నాకు తోచినట్టు ఉండగలుగుతున్నానా, మనసుకి నచ్చిన పనిలో ఇంకా ముందుకెళ్తున్నానా, రోజు గడుస్తుంటే సంతోషంగా ఉందా. పంతొమ్మిది వాక్యాలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం యాభై ఏడు.

కాగితం మీద గీతలు గీసి నేను వేసుకుంటే ముప్పై ఎనిమిది వచ్చింది. మా ఆవిడకి నలభై ఆరు. ఒకే ఇల్లు, ఒకే పెన్షను, ఆవిడకి మోకాళ్ళ నొప్పి కూడా ఉంది, నాకది లేదు. ఎక్కడ తేడా వచ్చిందా అని టోటల్స్ చూస్తే, నేను పోగొట్టుకున్న మార్కులన్నీ మొదటి రెండిట్లోనే. ఆవిడ వంటింట్లోకి ఇప్పటిదాకా ఏ కెమెరా రాలేదు, అక్కడ ఆవిడ చెప్పిందే చెల్లుతుంది.

తర్వాత అక్కయ్యకి ఫోన్ చేసి ఆ పంతొమ్మిదీ చదివి వినిపించా. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద, బావగారు పోయి చాలా కాలమైంది, ఒక్కతే ఉంటుంది, మెట్లు దిగలేదు కాబట్టి నెలల తరబడి ఇల్లు కదలదు. తక్కువే వస్తుందనుకున్నా. నలభై తొమ్మిది. తప్పు చెప్తున్నావు అక్కా అంటే, "ఒరేయ్, రాత్రి రెండింటికి నిద్ర పట్టకపోతే రేడియో పెట్టుకుంటా. పెద్దగా పెట్టుకుంటా. ఎవడడుగుతాడు నన్ను? మీ ఇంట్లో పెట్టు చూద్దాం" అంది. ఒంట్లో పెద్ద పెద్ద ఇబ్బందులున్నా మా జీవితం బాగానే ఉంది అని చెప్పేవాళ్ళ గురించి 1999లో ఒక పేపర్ కూడా వచ్చింది, బయటనించి చూసేవాళ్ళకి అది నమ్మబుద్ధి కాదని. నాకూ కాలేదు. అక్కయ్య పిల్లలు ఆవిణ్ణి తమ దగ్గరికి తెచ్చేసుకోవాలని రెండేళ్ళుగా అడుగుతున్నారు, నేను కూడా ఆ రికమెండేషన్ మీద రెండు మూడుసార్లు ఫోన్ చేసినవాణ్ణే. ఇంక చెయ్యను.

సరే, ఇదంతా వదిలేసి పిల్లలవైపు నుంచి చూద్దాం. పడటం అనేది ఉత్తి భయం కాదు. ప్రపంచం మొత్తం మీద అనుకోని గాయాల వల్ల పోయేవాళ్ళలో, రోడ్డు ప్రమాదాల తర్వాత రెండో స్థానం పడిపోవడానిదే, అందులో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు, ఇది డబ్ల్యూహెచ్ఓ చెప్పే మాట. స్టూలు మీద ఒంటి చేత్తో నిలబడ్డ తండ్రిని వందల మైళ్ళ అవతల్నించి ఫోన్లో చూసిన కొడుకు అరవక ఏంచేస్తాడు. నా పౌరుషానికి వాడెందుకు బలవ్వాలి.

అందుకని మావాడు పోయిన నెల వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. ఒప్పందం అంటే పెద్ద మాట, మూడు గంటలు వాదించుకున్నాం, మధ్యలో ఒకసారి వాడు లేచి వెళ్ళిపోయాడు కూడా. కెమెరా హాల్లోంచి గేటు వైపుకి మారింది. స్టూలు ఎక్కను, దానికి బదులు పట్టుకోడానికి పిడి ఉన్న చిన్న మెట్ల నిచ్చెన కొన్నాం, అది కూడా మా ఆవిడ పక్కనుంటేనే ఎక్కుతా. బ్యాంకు పని మళ్ళీ నాదే, ఒకసారికి ఇంతకంటే ఎక్కువ పోకుండా లిమిట్ పెట్టుకున్నా, మెసేజ్ మాత్రం అమ్మాయికి కూడా వెళ్తుంది. బండి విషయంలో ఓడిపోయా. పూర్తిగా కాదులే, పగలు, తెలిసిన రోడ్లలో మాత్రమే, రాత్రి పూట తియ్యను.

ఓడిపోయా అన్నానుగానీ పియానో వాయించే ఆర్టూర్ రూబిన్‌స్టైన్ సంగతి గుర్తొస్తే అలా అనిపించదు. ఎనభై ఏళ్ళప్పుడు కూడా అంత బాగా ఎలా వాయిస్తున్నారు అని అడిగితే ఆయన చెప్పిన జవాబుని పాల్ బాల్టెస్ అనే సైకాలజిస్టు చాలాచోట్ల ఉదాహరణగా వాడాడు. తక్కువ పాటలు వాయిస్తా, వాటినే ఎక్కువ ప్రాక్టీసు చేస్తా, వేగంగా వాయించాల్సిన చోటు వచ్చే ముందు కావాలని కొంచెం నెమ్మదిస్తా, అప్పుడు వెనక వచ్చేది వేగంగా వినిపిస్తుంది, అని. ఎంత గడుసు పెద్దాయనో చూడండి. రాత్రి బండి మానేసి పగలు బండి నిలబెట్టుకోవడం కూడా ఇలాంటిదే అని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నా.

నా వంతుగా నేనేం ఒప్పుకున్నానంటే, వారంలో మూడు రోజులు కాళ్ళకి బలం, బ్యాలెన్స్ ఎక్సర్‌సైజులు. అరవై ఐదు దాటినవాళ్ళకి వారానికి కనీసం మూడు రోజులు ఇవి చెయ్యమని 2020 డబ్ల్యూహెచ్ఓ గైడ్‌లైన్స్‌లోనే ఉంది, నడక ఒక్కటే సరిపోదట, నేనేమో రోజూ నడుస్తున్నాగా అని ఇన్నాళ్ళూ ధీమాగా ఉన్నా. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం కూర్చోవడం, కిచెన్ గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, ఒక కాలి వేళ్ళకి ఆనించి ఇంకో కాలి మడమ వేస్తూ ఒక గీత మీద నడవడం. చూసేవాళ్ళకి నవ్వొస్తుంది, మా ఆవిడకి రోజూ వస్తుంది. ఇంకో టెస్టు కూడా ఉంది, కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి వెనక్కి తిరిగొచ్చి కూర్చోవాలి, పన్నెండు సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే రిస్కు ఉన్నట్టు. మొదటిసారి పదమూడు వచ్చింది. మా ఆవిడ ఫోన్లో బటన్ ముందే నొక్కేసిందని గొడవపడ్డా. ఇప్పుడు పదకొండుకి వచ్చింది, ఇప్పుడు కూడా ఆవిడే నొక్కుతోంది కాబట్టి నా వాదన నిలబడలేదు.

ఇన్ని చెప్పినవాణ్ణి ఒకటి దాచేస్తే బాగోదు. నా నిర్ణయం నాది అని గుండె బాదుకుంటున్నా కదా, నాలుగేళ్ళు వినికిడి మెషిన్ పెట్టుకోను అని కూర్చున్నది కూడా నా నిర్ణయమే. అందులో ఏ గొప్పా లేదు, ఉత్త మొండితనం. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది సన్నటి శబ్దాలు, అంటే అచ్చులు వినపడతాయి, స, త, క లాంటి హల్లులు జారిపోతాయి. అందుకే మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏం మాట్లాడారో తెలీదు, అప్పుడు ఎదుటివాళ్ళు నసుగుతున్నారు అనిపిస్తుంది. ఆవిడ "తప్పు" అంటే నాకు "కప్పు" అని వినపడేది, మా ఇంట్లో ఆ రెంటికీ ఉన్న తేడా వల్ల ఎన్ని యుద్ధాలు జరిగాయో. నలుగురు కూర్చున్న చోట అందరూ నవ్వాక ఒక సెకను ఆగి నేనూ నవ్వేవాణ్ణి. తర్వాత అలాంటి చోట్లకి వెళ్ళడమే మానేశా, బిజీ అని చెప్పి. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ వాళ్ళు మతిమరుపు జబ్బుకి మనం ఏదో ఒకటి చెయ్యగలిగిన కారణాలు పద్నాలుగు చెప్పారు, వాటిలో వినికిడి తగ్గడం ఒకటి. మా అమ్మాయి ఆ పేజీ నాకు పంపి కింద ఏమీ రాయలేదు. మెషిన్ పెట్టించుకున్నా. మొదటి వారం నరకం, న్యూస్‌పేపర్ మడత పెడితే చెవిలో టపాకాయలు పేలినట్టు ఉండేది. ఇప్పుడు తెల్లారుజామున పిట్టలు వినపడుతున్నాయి, ఇన్నాళ్ళూ అవి మా వీధి వదిలేసి వెళ్ళిపోయాయనుకున్నా.

చివరగా డాక్టర్ దగ్గర సంగతి. ఆర్నెల్లకోసారి చెకప్‌కి వెళ్తా, వీలైతే మావాడు వస్తాడు. ఇదివరకు ఎలా ఉండేదంటే, నేను ముందు కుర్చీలో, వాడు వెనక నిలబడి, డాక్టరుగారు నా తల మీదుగా వాణ్ణి అడిగేవారు, "నిద్ర పడుతోందా ఈయనకి? చిరాకు ఏమైనా పడుతున్నారా?" అని. వాడు సమాధానం చెప్పేవాడు. నేను ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ ఉండేవాణ్ణి. వయసుని బట్టి మనిషిని తీసిపారెయ్యడానికి ఇంగ్లీషులో ఏజిజం అని పేరు పెట్టింది రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ డాక్టరే, 1969 నాటి మాట. పేరు పెట్టి యాభై ఏళ్ళు దాటినా అది ఇంకా ఆ గదిలో కుర్చీ వేసుకుని కూర్చునే ఉంది.

మొన్న వెళ్ళినప్పుడు కూడా అలాగే, "రాత్రి పూట ఏ మాత్ర వేసుకుంటున్నారు ఈయన?" అని వెనక్కి చూసి అడిగారు. మావాడు "ఆయన్నే అడగండి సార్" అన్నాడు. డాక్టరుగారు నావైపు తిరిగారు. నాకు పేరు గుర్తురాలేదు. నాలుక చివర ఉంది, రావట్లేదు. వాడికి తెలుసు, ఆ డబ్బా ఆర్డర్ పెట్టేది వాడే. నేను వెనక్కి తిరగలేదుగానీ వాడి ఊపిరి వినపడుతోంది, మెషిన్ పుణ్యమా అని, ఏదో అనబోయి ఆపుకుంటున్నాడు. డాక్టరుగారు పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నారు, బయట ఇంకో పాతికమంది ఉన్నారు. చిన్నది, తెల్లది, మధ్యలో గీత ఉంటుంది, సగం చేసి వేసుకుంటా, అన్నా. ఇంకాసేపటికి పేరు వచ్చింది.

ఆయన రాసుకున్నారు. తర్వాతి ప్రశ్న నన్నే అడిగారు.